కాలు ఉన్నట్టు లెక్క

టోవకు వాసనలంటే ఎన్నడూ జంకు లేదు. జంకే మనిషైతే ఆ పనిలో నిలబడేదే కాదు. సోనర్‌విగ్ రేవు వెనక వీధిలో ఆమె ఆడవాళ్ళ సెలూన్ నడిపినన్నాళ్ళూ, చేపల ఫ్యాక్టరీలో పని దిగిన అమ్మలక్కలు ఇంటి ముఖం కూడా చూడకుండా నేరుగా వచ్చి ఆమె కుర్చీలో కూలబడేవారు. వాళ్ళ జుట్టులో హెర్రింగ్ చేపల నీచు, దాని మీద జుట్టు ఉంగరాలు తిరగడానికి పూసే మందు ఘాటు, ఆ రెండింటి మీదా టోవ పెదవి చివర వేలాడే సిగరెట్టు పొగ. ఆ గాలిలోనే ఆమె కాఫీ తాగింది, రొట్టె తింది, ఊళ్ళో సగం కాపురాల గుట్టు వింది. అలా నిలబడి నిలబడి కుడి మోకాలు అరగదీసుకుంది.

భర్త ఎగోన్ రేవులో క్రేన్ నడిపి రిటైరైనవాడు. భారీ మనిషి. మాట తక్కువ, వెటకారం ఎక్కువ. కొత్త మోకాలు పెడతామని ఆసుపత్రి వాళ్ళు చెప్పిన రోజున, "ఇనుప మోకాలంటున్నారు, మన ఊరి వానకి తుప్పు పట్టదు కదా?" అన్నాడు.

"నీ బుర్రకి పట్టినంత పట్టదులే," అంది టోవ.

ఆపరేషన్ బాగానే జరిగింది. అది నడివేసవి. నర్సుల్లో సగం మంది సెలవు మీద వేసవి ఇళ్ళకు వెళ్ళిపోయారు. రెండు వార్డుల్ని కలిపి ఒకటి చేశారు. ఉన్నవాళ్ళు నడవలేదు, పరిగెత్తారు. వాళ్ళకు సాయంగా ఎక్కడెక్కడి నుంచో అద్దెకు తెచ్చిన నర్సులు ఏ అలమరలో ఏముందో తెలియక తలుపులు తీసి చూస్తూ తిరిగేవారు. టోవకు వాళ్ళ మీద జాలే వేసింది. సెలూన్‌లో క్రిస్మస్ ముందు వారం ఎలా ఉంటుందో ఆమె ఎరుగును.

కొన్నాళ్ళకు కట్టు కింద నుంచి వాసన మొదలైంది. పూలకుండీలో నీళ్ళు మార్చడం మరిచిపోతే వస్తుందే, తీపి కలిసిన కుళ్ళు, అలాంటిది. ముందు పక్క మంచం ఆవిడదనుకుంది. దుప్పటి ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకుంటే తనదే.

గంట నొక్కింది. చాలాసేపటికి ఒక కుర్ర నర్సు వచ్చింది.

"కట్టు వాసనొస్తోందమ్మా. విప్పి చూడు ఒకసారి."

"రేపు డాక్టర్ గారు వస్తారు కదండీ, అప్పుడు విప్పుతాం. ఊరికే విప్పితే మంచిది కాదు," అంది ఆ పిల్ల. మంచి పిల్లే. ఆమె చేతిలోని యంత్రంలో అప్పటికే మరో ముగ్గురు రోగుల గంటలు మోగుతున్నాయి.

మర్నాడు డాక్టర్ వచ్చాడు. మంచం కాళ్ళ దగ్గర నిలబడి, "ఎలా ఉంది?" అని అడిగి, జవాబు సగంలో ఉండగా కంప్యూటర్ తెర వైపు చూసి, "అంకెలు బాగున్నాయి," అని వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం ఎగోన్ స్ట్రాబెర్రీలు పట్టుకొచ్చాడు. గదిలోకి అడుగు పెట్టగానే ముక్కు చిట్లించాడు.

"ఇక్కడేదో చచ్చింది టోవా."

"నేనే," అంది.

ఆ మాటకు అతను నవ్వలేదు. బయటికెళ్ళి, దొరికిన నర్సునల్లా ఆపి, చివరికి ఒకామెను దాదాపు చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాడు. కట్టు విప్పారు. లోపల దూదంతా పసుపు పచ్చగా, ఒక అంచున ఆకుపచ్చగా తడిసి చర్మానికి అతుక్కుపోయి ఉంది. కుట్ల మధ్య నుంచి చీము తనంతట తాను కారింది. ఎన్ని నీచు వాసనల మధ్యనో అన్నం తిన్న టోవ, ఆ రోజు తన ఒంటి వాసనకు తానే వాంతి చేసుకుంది.

తర్వాత జరిగింది ఆమె పెద్దగా చెప్పదు. మళ్ళీ కోశారు, కడిగారు, మూశారు. మళ్ళీ కోశారు. కొత్త మోకాలు తీసేశారు. మందులకు కడుపు చెడింది, నోట్లో పుళ్ళు లేచాయి. చలికాలం నడిమధ్యలో, రక్తానికి విషం ఎక్కుతోందని చెప్పి, తొడ దాకా కాలు తీసేశారు.

"ఇద్దరికీ కలిపి ఇంకా మూడున్నాయి," అన్నాడు ఎగోన్ ఆమెను ఇంటికి తెచ్చుకున్న రోజు. అతని తుంటి కూడా అప్పటికి అరిగిపోయింది. "అందులో నాది ఒకటి కుంటిదనుకో."

ఫిర్యాదు పెడదామని అతను అన్నాడు. టోవ వద్దంది. ఆసుపత్రి అన్న మాటే ఆమె ఇక వినదలచుకోలేదు. చక్రాల స్టూలు ఒకటి కొనుక్కుని, వంటింట్లోనే పాత ఖాతాదార్లకు జుట్టు కత్తిరించడం మొదలుపెట్టింది.

వసంతంలో ఒకనాడు ఫోన్ వచ్చింది. డాక్టర్ మారెన్ అట. చిన్న వయసు గొంతు. మోకాలూ తుంటీ మార్పించుకున్నవాళ్ళలో ఎవరికి గాయం చీము పడుతుంది, ఎందుకు పడుతుంది, ఎవరికి ఎలాంటి చిక్కులు వస్తాయి అని ఐదు ఆసుపత్రుల్లో వేలమంది రోగుల వివరాలు తీసి పరిశోధన చేస్తున్నామంది. సలహా సంఘంలో అనుభవించిన మనిషి ఒకరు కావాలంది.

"నాకేం తెలుసమ్మా? నేను జుట్టు కత్తిరించేదాన్ని."

"మీకు జరిగింది మీకు తెలుసు కదా. మాకు కావలసింది అదే."

ఆ మాట టోవకు నచ్చింది. ఇన్నాళ్ళకు ఒకరు అడిగారు అనిపించింది. సమావేశం రోజున జుట్టు తీర్చుకుని, లిప్‌స్టిక్ వేసుకుని, నీలం కోటు తొడుక్కుని వెళ్ళింది. వెన్నతో మెరిసే తీపి రొట్టెలు, వేడి కాఫీ, కిటికీలోంచి కార్ల పార్కింగు. పరిశోధనకు పెద్ద ప్రొఫెసర్ థోర్కిల్. సన్నగా పొడుగ్గా, చొక్కా చేతులు మడిచి, రోజూ సైకిలు తొక్కి వచ్చే మనిషి. ఆమె కుర్చీ స్వయంగా జరిపాడు.

"టోవా, మీలాంటివాళ్ళు లేకపోతే ఈ పరిశోధనకు అర్థమే లేదు," అన్నాడు.

ఆమె తన కథంతా చెప్పింది. గంట, వాసన, రేపు విప్పుతామన్న మాట, అన్నీ. అందరూ తలలాడిస్తూ విన్నారు. మారెన్ కళ్ళు చెమర్చాయి. థోర్కిల్, "ఇది చాలా విలువైన మాట," అన్నాడు. చివర్లో ఆసుపత్రి ప్రచార విభాగం నుంచి ఒకతను వచ్చి ఫోటో తీసుకుంటానన్నాడు. కొత్త కృత్రిమ కాలు కనబడేట్టు నిలబడి నవ్వమన్నాడు. టోవ నవ్వింది. ఇంటికెళ్ళి ఎగోన్‌తో, "మంచివాళ్ళు. విన్నారు," అంది. ఆ పూట చాలా నెలల తర్వాత బంగాళాదుంపలతో పంది మాంసం వేయించి తృప్తిగా తింది.

శరదృతువులో ఫలితాలు చూపించడానికి మళ్ళీ పిలిచారు. అదే గది, అవే రొట్టెలు. గోడ మీద తెర వేసి మారెన్ ఒక్కొక్కటే చూపించింది. ముప్పు పెంచే కారణాలు: లావు, చక్కెర జబ్బు, సిగరెట్టు, ఒంటరి బతుకు, తక్కువ చదువు. ప్రతి మాట పక్కనా నీలం గీత ఒకటి, ముప్పు ఎంతో చూపిస్తూ.

టోవ ఓపిగ్గా చూసింది. లావు తనే. సిగరెట్టు తనే. తక్కువ చదువూ తనే. ఒంటరి బతుకు కాలేదంటే ఎగోన్ పుణ్యం.

"మిగతావి ఎప్పుడు చూపిస్తారు?" అని అడిగింది.

"మిగతావంటే?" అన్నాడు థోర్కిల్.

"ఆ రోజు వార్డులో ఎంతమంది నర్సులున్నారు, గంట కొడితే ఎంతసేపటికి వచ్చారు, కట్టు ఎప్పుడు విప్పారు. అవి."

"మంచి ప్రశ్న," అన్నాడు థోర్కిల్. అని, రొట్టె ముక్క ఒకటి తుంచి నోట్లో వేసుకున్నాడు. "ఈ పరిశోధన పరిధి రోగికి సంబంధించిన కారణాల వరకే. అవి మరో పరిశోధనకు వస్తాయి."

"ఎప్పుడు?"

"మంచి ప్రశ్న."

ఎవరో నవ్వారు. టోవకు ముఖం వేడెక్కింది. తర్వాతి పట్టిక వచ్చింది. చిక్కులు ఎంతమందికి ఏవేవి వచ్చాయో అందులో ఉంది. చీము పట్టినవారు, మళ్ళీ కోయించుకున్నవారు, చనిపోయినవారు. అన్నిటికీ అడుగున ఒక వరుస. కాలు తీసేసినవారు: సున్నా.

టోవ కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివింది.

"ఇది తప్పు పడింది," అంది.

మారెన్ నోరు తెరిచి, థోర్కిల్ వైపు చూసి, మూసుకుంది. అతనే చెప్పాడు, చాలా మెత్తగా. "తప్పు కాదు టోవా. మేం ఆపరేషన్ అయిన మూడు నెలల వరకే లెక్కేస్తాం. ప్రపంచమంతా అలాగే చేస్తారు, లేకపోతే ఒకరి ఫలితాన్ని ఇంకొకరితో పోల్చలేం. మీకు కాలు తీసింది ఆ తర్వాత."

"అంటే మీ లెక్కలో నాకు కాలుంది."

"లెక్క ప్రకారం... ఆ పట్టిక వరకు చూస్తే, అవును."

"మరి ఈ బల్ల కింద ఉన్నదేంటి?"

ఒకావిడ కాఫీ పాత్ర మూత సరిచేసింది. తనను చూసి వాళ్ళు ఇబ్బంది పడుతున్నారని టోవకు అర్థమైంది, పట్టికను చూసి కాదు. పళ్ళెంలో మిగిలిన రొట్టెల మీద వెన్న గడ్డకట్టి తెల్లగా పేరుకుంది. అది చూస్తే ఆనాటి కట్టు గుర్తొచ్చింది. కర్ర అందుకుని లేచి బయటికి నడిచింది.

పార్కింగులో మారెన్ పరిగెత్తుకుంటూ వచ్చి కలిసింది. కోటు కూడా వేసుకోలేదు, గాలికి వణుకుతోంది.

"నేను అడిగాను టోవా. నర్సుల డ్యూటీ వివరాలు కూడా తీసుకుందామని మొదట్లోనే అడిగాను. వద్దన్నారు."

"మరి నన్నెందుకు పిలిచావమ్మా? రొట్టెలు మిగిలిపోతాయనా?"

మారెన్ తల దించుకుంది. "మీరు చెప్తే వింటారనుకున్నాను. నా మాట వినలేదు కాబట్టి."

ఆ పిల్లను తిట్టాలని టోవకు నోటి దాకా వచ్చింది. ఆమె పెదవులు నీలం తిరిగి ఉండటం చూసి, "లోపలికి పో, జలుబు చేస్తుంది," అని, ఎదురుచూస్తున్న టాక్సీ ఎక్కింది.

ఇంటికొచ్చాక ఎగోన్‌తో అంతా చెప్పింది. అతను తాపీగా విని, "లెక్కలో ఉన్న ఆ కాలికి మేజోడు కొనాలా మరి?" అన్నాడు. ఇద్దరూ కాసేపు నవ్వారు. ఆ నవ్వు అయిపోయాక టోవకు ఇంకా రోత పుట్టింది. చేతులు కడుక్కుంది. మళ్ళీ కడుక్కుంది. ఎంత కడిగినా ఆ గది అంటుకునే ఉన్నట్టు ఉంది.

మరుసటి ఏడు ఆ పరిశోధన అచ్చయింది. పత్రికలవాళ్ళు రాశారు. ఆ ప్రాంతపు ఆరోగ్య మండలి దాన్ని పట్టుకుని కొత్త నియమం పెట్టింది: ఇంత బరువు దాటినవాళ్ళనూ, సిగరెట్టు మాననివాళ్ళనూ తుంటి, మోకాలు ఆపరేషన్ల వరుసలో చేర్చరు. ముందు తగ్గి రావాలి. ముప్పు తగ్గించడమంటే ఇదేనన్నారు. ముప్పున్న మనిషిని గుమ్మంలోనే ఆపేస్తే, లోపల అంకెలు బాగుపడక ఏమవుతాయి?

అలా ఆగిపోయినవాళ్ళలో ఎగోన్ ఒకడు. తుంటి నొప్పితో అప్పటికి అతను మెట్లెక్కడం మానేసి, కింది గదిలో సోఫా మీద పడుకుంటున్నాడు. పరీక్షకని వెళ్ళి, చేతిలో ఒక రంగుల కరపత్రంతో తిరిగొచ్చాడు. నడవలేనివాణ్ణి రోజూ నడవమని అందులో రాసి ఉంది. దాన్ని టోవ ముందు పెట్టి కూర్చున్నాడు.

అట్ట మీద నీలం కోటులో, లిప్‌స్టిక్‌తో, కృత్రిమ కాలు ముందుకు పెట్టి టోవ నవ్వుతోంది. కింద పెద్ద అక్షరాల్లో: మీ ఆరోగ్యం, మీ బాధ్యత.

వాసనకు కడుపులో తిప్పడం వేరు. తన ముఖం చూసి తనకే రోత పుట్టడం వేరు. ఆ నవ్వు నిజమైనదే. ఎవరూ బలవంతం చేయలేదు. విన్నారన్న సంబరంలో తనే నవ్వి ఇచ్చింది. ఇప్పుడు అది తన మొగుడి ముందే తలుపు మూస్తోంది.

మర్నాడు ఉదయమే ఎగోన్‌ను కారు తియ్యమంది. థోర్కిల్ గదికి చెప్పాపెట్టకుండా వెళ్ళింది. అతను లేచి కుర్చీ జరపబోయాడు.

"వద్దు. నించునే చెప్తా. నా ఫోటో తీసెయ్యండి. మీ పుస్తకంలో కృతజ్ఞతలని నా పేరు వేశారట, అదీ తీసెయ్యండి."

"టోవా, మీ కోపం నాకు అర్థమవుతుంది..."

"అర్థం కాలేదు. కోపమైతే ఇంట్లోనే అరిచేదాన్ని. మిమ్మల్ని చూస్తే నాకు అసహ్యం వేస్తోంది."

థోర్కిల్ ముఖం పాలిపోయింది. చెడ్డ మాట విని అలవాటు లేని మనిషి. నెమ్మదిగా కూర్చున్నాడు. ఈసారి అతని గొంతులో ఆ మెత్తదనం లేదు.

"నిజం చెప్పమంటారా? నర్సులెంతమంది అని అడిగితే ఐదు ఆసుపత్రుల్లో నాలుగు తలుపులు మూసేస్తాయి. వివరాలివ్వరు. పరిశోధనే ఉండదు. రోగి బరువెంత అని అడిగితే ఎవరూ అడ్డు చెప్పరు. దొరికినదాంతోనే నేను పని చెయ్యాలి. లావు, సిగరెట్టు, అవి అబద్ధాలు కావు కదా."

"అబద్ధాలని నేనన్నానా? సిగరెట్టు తాగాను. లావుగానే ఉన్నాను. రాసుకోండి. దాని పక్కన, కట్టు విప్పలేదన్నది కూడా రాయండి. అది రాస్తే అడ్డు చెప్పేవాళ్ళున్నారు, నన్ను రాస్తే లేరు. అందుకని నన్ను రాశారు."

"మరో పరిశోధనలో..."

"మంచి ప్రశ్న అనకండి, ఇక్కడే కక్కేస్తా."

అతను అనలేదు. టోవ వెనక్కి తిరిగింది. నడవలో బెంచీ మీద ఎగోన్ తుంటి పట్టుకుని కూర్చుని ఉన్నాడు. "కొట్టావా?" అని అడిగాడు. "చెయ్యి మురికవుతుందని వదిలేశా," అంది.

ఫోటో తీసేశారు. కరపత్రం మీద ఎవరో తెల్ల జుట్టు పెద్దమనిషి నవ్వుతూ వచ్చాడు. నియమం మాత్రం మారలేదు. ఎగోన్ బరువు తగ్గాడు, కానీ కరపత్రంలో చెప్పినట్టు నడిచి కాదు. నొప్పికి ఆకలి చచ్చి, రాత్రుళ్ళు నిద్ర లేక చిక్కిపోయాడు. చొక్కా భుజాల మీద వేలాడేది. అలా ఎముకలు తేలాక వరుసలో చేర్చుకున్నారు. అతను ఆపరేషన్ అయి ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ టోవ మంచం పక్కనే కూర్చుని, కట్టు మార్చే ప్రతిసారీ వంగి చూసింది. నర్సులు విసుక్కున్నా కదల్లేదు. అతనికి ఏ చిక్కూ రాలేదు. ఆసుపత్రి లెక్కలో అదొక మంచి ఫలితంగా చేరి ఉంటుంది.

మారెన్ ఆ బృందంలోంచి బయటికొచ్చి, దూరాన ఒక చిన్న ఊరి ఆసుపత్రిలో ఉద్యోగం చూసుకుంది. ఒక ఆదివారం ఫోన్ చేసి, అక్కడివాళ్ళు నర్సుల డ్యూటీ వివరాలు చూడనిస్తామన్నారు, ఒక్క ఆసుపత్రే, చిన్న పరిశోధనే, మీ కథ కూడా రాసుకోవచ్చా అని అడిగింది.

"ఈసారి నా కాలు ఉన్నట్టు రాస్తావా, లేనట్టా?"

"లేనట్టే రాస్తాను టోవా."

"రాసుకో. సమావేశాలకు మాత్రం నేను రాను. రొట్టెలు మీరే తినండి."

మారెన్ ఏళ్ళు పట్టి అది ముగించింది. మనుషులు తక్కువున్న రోజుల్లో గాయం చెడటం ఎక్కువని గట్టిగా తేల్చడానికి రోగులు చాలలేదు. కానీ చెడిన సంగతి ఆ రోజుల్లో ఆలస్యంగా బయటపడిందని మాత్రం తేలింది. నర్సుల సంఘం పత్రికలో అచ్చయింది. ఏ పెద్ద పత్రికా పట్టించుకోలేదు. థోర్కిల్ అప్పటికి ఇంకా పెద్ద పదవికి వెళ్ళాడు.

ఆ చిన్న ఆసుపత్రి ఒక్క పని చేసింది. గాయం వాసన వస్తోందని రోగి చెబితే, డాక్టర్ కోసం ఆగకుండా, ఆ పూటే కట్టు విప్పి చూడాలని నియమం పెట్టింది. ఆ సంగతి చెప్పడానికి మారెన్ స్వయంగా సోనర్‌విగ్ వచ్చింది. ఆమె గొంతులో గర్వం ఉంది. ఆమె చేసిన పనికి ఆ గర్వం తగినదే.

టోవ చక్రాల స్టూలు మీద కూర్చుని, పొరుగింటావిడ జుట్టు చివర్లు కత్తిరిస్తూ విన్నది. కత్తెర ఆపింది.

"కుళ్ళు వాసన వస్తోందంటే విప్పి చూడాలని తెలియడానికి ఇన్నేళ్ళు, ఇంతమంది చదువుకున్నవాళ్ళు, ఒక పరిశోధన కావలసొచ్చిందా మారెన్?"

మారెన్ ముఖం వాడిపోయింది. "మారింది కదా టోవా, అదైనా."

"మారింది. కాదనను. నువ్వు చెయ్యబట్టే మారింది." టోవ దువ్వెనలో చిక్కిన వెంట్రుకలు లాగి డబ్బాలో పడేసింది. "అయినా సిగ్గుచేటే."

పొరుగింటావిడ అద్దంలోంచి ఇద్దరినీ చూస్తూ కాఫీ చప్పరించింది. అవతలి గదిలోంచి ఎగోన్ కేక వేశాడు, మారెన్ ఉండి భోజనం చేసి వెళ్తుందా, చేపలు ఎన్ని వేయించాలి అని. ఉంటుందని టోవే జవాబు చెప్పి, మళ్ళీ కత్తెర అందుకుంది.